పానకాలరావు గారి కుడిచెయ్యి

ఒంగోలులో ఎముక విరిగిన మనిషి ఆసుపత్రి ఎంత పెద్దదని అడగడు, డాక్టరు చెయ్యి ఎలాంటిదని అడుగుతాడు. కోత ఎవరైనా కోస్తారు, కట్టు ఎవరైనా కడతారు, హస్తవాసి మాత్రం నూటికొకరికే ఉంటుందని అక్కడి నమ్మకం. డాక్టర్ పానకాలరావుకి అది ఉందని ముప్పై ఏళ్ల కిందటే జనం తీర్మానించేశారు. మొదట్లో ఆయన నవ్వేవాడు. "హస్తవాసి కాదయ్యా, చదువు" అనేవాడు. కొన్నాళ్లకి నవ్వడం మానేశాడు. మరికొన్నాళ్లకి, పైకి ఒప్పుకోడు గానీ, తనూ నమ్మడం మొదలుపెట్టాడు. పొగడ్త ఎంతటివాడికైనా వంటబడుతుంది.

అలా మొదలైంది ఆ అలవాటు. ఆపరేషన్‌కి ముందు థియేటర్ తలుపు దగ్గర స్ట్రెచర్ ఒక్క నిమిషం ఆగుతుంది. డాక్టరుగారు వచ్చి, గ్లౌజు లేకుండా, ఒట్టి కుడిచేత్తో నొప్పి ఉన్నచోట మెల్లగా తాకుతారు. కట్టు విప్పిన రోజున, ఇంకా ఆరని కుట్ల మీద కూడా అంతే. గ్లౌజు మీంచి వాసి దిగదని జనం లెక్క. తాకాక ఆయన లోపలికెళ్లి మోచేతుల దాకా చేతులు కడుక్కుని, గ్లౌజులు వేసుకుని, చదువుకున్న పద్ధతి ప్రకారమే ఆపరేషన్ చేస్తాడు. అందులో వంక పెట్టడానికి లేదు.

ఆ ఉదయం స్ట్రెచర్ మీద ఉన్నది వజ్రమ్మ. బస్సు కండక్టరు. నాలుగేళ్ల కిందట ఫుట్‌బోర్డు మీంచి జారిపడితే ఎడమ తొడ ఎముక రెండు ముక్కలైంది. పానకాలరావే లోపల స్టీలు రాడ్ దించి అతికించాడు. ఎముక అతుక్కుంది గానీ మూడో నెలలో మోకాలికి జానెడు పైన చిన్న కన్నం పడి చీము కారడం మొదలైంది. అప్పట్నుంచి రాడ్ తీసి, ఎముక గీకి, మందు పూసలు పెట్టి, మళ్లీ విప్పి, ఇది ఏడోసారి. ఎముకలో చేరిన చీము తలుపుకి పట్టిన చెదలాంటిది, పైన రంగు వేస్తే పోయేది కాదు.

"సార్, చెయ్యి మర్చిపోతన్నారు" అంది వజ్రమ్మ. బస్సులో చివరి సీటు దాకా వినపడే గొంతు అది, పడుకుని ఉన్నా తగ్గలేదు.

"మర్చిపోతే ఊరుకుంటావా తల్లీ?"

"ఊరుకుంటానా? ఈసారి గానీ తగ్గకపోతే కాలు తీసెయ్యాల్సిందే అన్నారంట గదా. అందుకే గట్టిగా వెయ్యండి."

ఆయన కట్టు అంచు పక్కన చెయ్యి వేశాడు. ఆమె కళ్లు మూసుకుంది. పక్కన నిలబడ్డ దావీదు తలొంచుకున్నాడు. దావీదు పాతికేళ్లుగా ఆ ఆసుపత్రిలో కట్లు కట్టే మనిషి.

లోపల తొడ తెరిచాక, పానకాలరావు ఉలీ సుత్తీ అందుకుని ఎముకను పలచగా చెక్కడం మొదలెట్టాడు. చచ్చిన ఎముక పాత దంతంలా పాలిపోయి ఉంటుంది, ఎంత చెక్కినా నెత్తురు రాదు. బతికున్న ఎముక తగిలితే ఉలి కింద కారప్పొడి చల్లినట్టు సన్నటి ఎర్రచుక్కలు పొడుస్తాయి. ఆ చుక్కలు కనపడేదాకా చెక్కాలి. ఆయన చెక్కాడు. చుక్కలు వచ్చాయి. అయినా ఆరుసార్లూ ఇలాగే వచ్చాయని గుర్తొచ్చి ఆయన సంతోషపడలేకపోయాడు. గీకిన పొడిని చిన్న సీసాలో వేసి మూడో అంతస్తుకి పంపించాడు.

మూడో అంతస్తులో ఇందుమతి ఉంటుంది. ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు సూక్ష్మక్రిముల పరిశోధన చేస్తోంది. తొమ్మిదేళ్లు కూర్చుని ఆమె తయారుచేసిన యంత్రానికి ఇంగ్లీషులో మూరెడు పేరుంది. ఆసుపత్రిలో అందరూ దాన్ని జాతకం పెట్టె అంటారు. చిటికెడు చీము వేస్తే అందులోని క్రిమి ఎక్కడ పుట్టిందో, ఏ ఒంటి మీద పెరిగిందో, ఎన్నాళ్ల కిందట ఎముకలోకి దిగిందో చెప్పేస్తుంది. ఆ క్రిమిని తినే వైరస్‌ని పెంచి ఎముక గుల్లలో నింపడం ఇందుమతి కనిపెట్టిన వైద్యం. దానికి జాతకం కావాలి.

మూడో రోజు ఆయన పైకి వెళ్లేసరికి ఇందుమతి మొహం అదోలా ఉంది.

"సార్, ఇది నాలుగేళ్లుగా ఎముకలో దాక్కుని మారువేషాలు వేస్తోంది. మనం ఇచ్చిన ఒక్కో మందుకీ ఒక్కో వేషం. దీని మీద పెంచిన వైరస్ ఒక వేషాన్ని తింటుంది, మిగతావి బతికిపోతాయి. దీని తల్లి దొరకాలి. తల్లి మీద పెంచితే పిల్లలు ఏ వేషంలో ఉన్నా వదలదు."

"తల్లి ఎక్కడుంది మరి?"

"రోడ్డు మట్టిలోది కాదు. రాడ్ మీంచి వచ్చిందీ కాదు. సబ్బుకీ స్పిరిట్‌కీ అలవాటుపడ్డ చర్మం మీద పెరిగింది. అది కూడా పగిలిన చర్మం." ఆమె గొంతు తగ్గించింది. "మనలోనే ఎవరి చేతుల మీదో ఉంది సార్."

పానకాలరావు కుడిచెయ్యి కోటు జేబులోకి వెళ్లింది. ఆయన పంపలేదు, అదే వెళ్లింది.

ఇంటిదగ్గర ఆయన భార్య విశాలాక్షికి ఆ చేతి సంగతి ఆరేళ్లుగా తెలుసు. నలభై ఏళ్లు కడిగి కడిగి, ఎడమది బాగానే ఉన్నా, కుడిచేతి వేళ్ల సందుల్లో చర్మం పగిలి, ఎర్రబడి, అప్పుడప్పుడూ రసి కారేది. రాత్రి కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాసుకుని, పొద్దున్నే ఏమీ లేనట్టు వెళ్లిపోయేవాడు.

"చర్మం డాక్టరుకి చూపించుకోవచ్చు కదండీ" అనేది ఆవిడ.

"నేను డాక్టర్ని కానా?" అనేవాడు ఆయన.

ఆ సాయంత్రం కూడా ఆవిడ నూనెగిన్నె తెచ్చి పక్కన పెట్టింది. ఆయన దాని వంక చూడలేదు. "వద్దులే, తగ్గిపోయింది" అన్నాడు. ఆవిడ ఆ చేతిని చూసింది, ఆయన మొహాన్ని చూసింది, గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు వజ్రమ్మని తాకిన పద్నాలుగు మందికీ పరీక్ష పెట్టారు. ఒక్కొక్కరికీ రెండు దూదిపుల్లలు, కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి. పదమూడు మందికి ఇందుమతి దగ్గరుండి వేళ్ల సందుల్లో రాసి తీసుకుంది. పద్నాలుగో మనిషి పెద్ద డాక్టరు కాబట్టి, మర్యాదకి, పుల్లలు ఆయన గదికి పంపింది.

పానకాలరావు తలుపు వేసుకుని కూర్చున్నాడు. నిన్ననే కుడిచేతికి మందు రాసుకున్నాను కదా, ఇప్పుడు తీసినా ఏమీ పెరగదు అనుకున్నాడు. అబద్ధం. నిన్న ఏమీ రాసుకోలేదు. ఎవరూ లేని గదిలో తనకి తనే చెప్పుకున్న అబద్ధం అది. రెండు పుల్లలూ ఎడమచేతికే రాశాడు. ఒకదాని మీద కుడి అని, ఇంకోదాని మీద ఎడమ అని చక్కటి దస్తూరీతో రాసి పంపించాడు.

ఎవరి దగ్గరా తల్లి దొరకలేదు. దావీదు చేతి మీద మాత్రం దూరపు చుట్టం లాంటి క్రిమి ఒకటి కనపడింది. "మేనమామ వరస అనుకోండి, తల్లి కాదు" అని ఇందుమతి ఎంత చెప్పినా, కింద వార్డుల్లోకి దిగేసరికి దావీదే అని తేలిపోయింది. కట్లు కట్టేవాడు కాక ఇంకెవరని అందరూ అన్నారు. విషయం తేలేదాకా దావీదు ఇంట్లో ఉండాలని ఆసుపత్రి కమిటీ కాగితం తయారుచేసింది. కింద పెద్ద డాక్టరు సంతకం కావాలి.

సంతకం పెట్టాడు. కుడిచేత్తోనే.

దావీదు వచ్చి ఎదురుగా నిలబడి "పోయొస్తానయ్యా" అన్నాడు. పానకాలరావు కాగితాల్లోంచి తలెత్తలేదు. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆయన పని, అరవడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు.

ఎనిమిది రోజులు గడిచాయి. ఇందుమతి తల్లి లేకుండానే వైరస్ పెంచి చూసింది, సగం క్రిములు చచ్చి సగం మిగిలాయి. ఫ్రీజర్‌లో ఉన్న పాత సీసాలు కూడా తీసి పెట్టెలో వేసింది. పదకొండు మంది రోగుల ఎముకల్లో ఇదే తల్లి పిల్లలున్నాయి. అందులో ఇద్దరికి ఇదివరకే కాళ్లు తీసేశారు. ఆ జాబితా ఆయన బల్ల మీదకి వచ్చింది. పేర్లన్నీ ఆయనకి గుర్తున్నాయి. చీమకుర్తి రాళ్ల క్వారీలో పనిచేసేవాడొకడు, బడిపంతులొకడు, ఇద్దరు ఆడపిల్లల తల్లి ఒకావిడ. వాళ్లంతా చెయ్యి వెయ్యమని అడిగినవాళ్లే, ఆయన వేసినవాళ్లే. కంచే చేను మేసింది.

వజ్రమ్మకి జ్వరం నూటమూడు దాటింది. విషం ఒంట్లోకి పాకకముందే తొడ దగ్గర కాలు తీసెయ్యాలని శుక్రవారం ముహూర్తం పెట్టారు. ఆ రోజు పెట్టిన పొద్దునే పానకాలరావు వార్డులోకి వెళ్లేసరికి ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి, కళ్లు మాత్రం మెలకువగా ఉన్నాయి.

"తీసేస్తారంట గదా సార్."

"ప్రాణం దక్కాలి కదమ్మా."

"సరే, మీరు తీసెయ్యమంటే తీసేసేదే. కాలు లేని కండక్టర్ని ఎవురు ఎక్కించుకుంటారో ఏమో, అది తర్వాత సంగతి." కాసేపు ఊపిరి పీల్చుకుంది. "దావీదన్నని ఇంటికి పంపించేశారంటనే, ఏంది సార్ ఈ అన్యాయం?"

"పరీక్షలో..."

"ఏం పరీక్షలు సార్! నాలుగేళ్లలో ఆయన ఒక్కనాడన్నా గ్లౌజు లేకుండా నా కాలు ముట్టుకోలా. ఎవురినన్నా అడగండి. ఒట్టి చెయ్యి వేసింది మీరొక్కరే."

ఆమె పొగుడుతూనే అంది ఆ మాట. ఏ వంకరా లేకుండా, దేవుడి ముందు సాక్ష్యం చెప్పినట్టు అంది. ఆపైన దుప్పటి పక్కకి జరిపి, "వెయ్యండి సార్. పోయే కాలే అయినా మీ చెయ్యి పడి పోతే నాకు తృప్తి" అంది.

పానకాలరావు చెయ్యి జేబులోంచి సగం బయటికొచ్చి ఆగింది. తనకి అరవై మూడేళ్లు వచ్చాయని, ఇంత సిగ్గు ఎన్నడూ ఎరగనని ఆయనకి తెలిసొచ్చింది. వార్డులో ఉన్న పన్నెండు మంచాలూ తనవంకే చూస్తున్నట్టనిపించింది. "ఇప్పుడే వస్తానమ్మా" అని వెనక్కి తిరిగాడు. లిఫ్ట్ కోసం ఆగలేదు, మూడు అంతస్తులూ మెట్లెక్కాడు.

ఇందుమతి బల్ల మీద కుడిచెయ్యి చాపి పెట్టాడు, వేళ్లు విడదీసి.

"నీ తల్లి ఇక్కడుందమ్మా. ఆ రోజు రెండు పుల్లలూ ఎడమచేతికే రాశాను."

ఆమెకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తిట్టినా బాగుండునని ఆయనకి అనిపించింది. ఆమె గ్లౌజులు వేసుకుని, పుల్ల తీసి, తన గురువు వేళ్ల సందుల్లో ఒక్కొక్కటే రాసింది. రాస్తుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సాయంత్రానికి పెట్టె చెప్పింది, తల్లి ఇదేనని.

"వైరస్ పెంచడానికి నాలుగు రోజులు కావాలి సార్. ఆమె ఆగగలదా?"

"ఆపుతాను" అన్నాడు ఆయన. శుక్రవారం ఆపరేషన్ రద్దు చేసి, చీము బయటికి పోయేలా తొడలో గొట్టం పెట్టించి, రక్తంలోకి మందులు ఎక్కిస్తూ, గంట గంటకీ వార్డుకి వెళ్లి జ్వరం చూశాడు. చూడటమే, ముట్టుకోలేదు.

ఆ మధ్యలోనే ఒక మధ్యాహ్నం దావీదు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. దావీదు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. డాక్టర్ని చూసి గబగబా లేచి కుర్చీ తెచ్చాడు. పానకాలరావు కూర్చోకుండానే చెప్పాల్సిందంతా చెప్పాడు.

దావీదు ఇంకో చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగాడు.

"నాకు తెలుసయ్యా. మీ చేతికి పగుళ్లున్నయ్యని రెండేళ్ల నాడే చూశా."

"మరి చెప్పలేదేం?"

"ఎట్టా చెప్తాను? పెద్ద డాక్టరికి చెయ్యి బాలేదని కట్లు కట్టేవోడు చెప్తే ఇనేవోళ్లా మీరు?"

వినేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పానకాలరావు చేతులు జోడించాడు. దావీదు ఆ చేతులు పట్టుకుని దించబోయి, మధ్యలోనే ఆగిపోయాడు. పాతికేళ్ల అలవాటు, గ్లౌజు లేదు.

అసలు కష్టం వజ్రమ్మకి చెప్పడం. వైరస్ నింపే ఆపరేషన్ రోజు పొద్దున ఆమె మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఇందుమతినీ దావీదునీ పక్కన పెట్టుకుని చెప్పాడు. క్రిమి ఎక్కడిదో, ఎలా దిగిందో దాచకుండా చెప్పాడు.

"అయితే నేనే గదా సార్ అడిగింది" అంది వజ్రమ్మ మెల్లగా. "చెయ్యి వెయ్యి చెయ్యి వెయ్యి అని నేనే గదా మీ ప్రాణం తీసింది."

ఇక్కడ ఆగిపోతే బతికిపోయేవాడు. ఆమె తప్పు తన నెత్తిన వేసుకోవడానికి సిద్ధంగా ఉంది. పానకాలరావు ఆగలేదు.

"అడగడం నీ తప్పు కాదమ్మా. వెయ్యడం నా తప్పు. ఇంకొకటుంది. పరీక్ష పెట్టిన రోజే నాకు అనుమానం. పేరు పోతుందని ఎనిమిది రోజులు దాచాను."

"ఎనిమిది రోజులా?"

"అవును."

"నాకు జ్వరం పెరగతా ఉంటే?"

"అవునమ్మా."

"కాలు తీసేదానికి రోజు పెట్టిందాకా?"

ఆయన తలూపాడు. వజ్రమ్మ ఆయన వంక అలాగే చూసింది. నాలుగేళ్లు, ఏడు కోతలు, ఒట్టి చేతి మహిమ అన్నీ కలిపి ఆమె ఆ చూపులోనే తేల్చుకుంటున్నట్టుంది. తర్వాత మొహం గోడవైపు తిప్పేసుకుంది.

"మీరు చెయ్యబాకండి ఆపరేషన్. ఇంకెవురినన్నా చెయ్యమనండి" అంది గోడతో.

ఆయన చెయ్యలేదు. ఆయన దగ్గర పనిచేసే చిన్న డాక్టరు చేశాడు. స్ట్రెచర్ థియేటర్ తలుపు దగ్గర అలవాటు ప్రకారం ఒక్క నిమిషం ఆగింది, ఎవరూ ముందుకు రాకపోయేసరికి లోపలికి వెళ్లిపోయింది. పానకాలరావు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఉలి కింద ఎర్రచుక్కలు పొడిచాయి. గుల్లలో ఇందుమతి పెంచిన మందు నింపారు. చూడటానికి గంజినీళ్లలా ఉంది. తన చేతి మురికిని మేసి పెరిగిన మందు అది. ఎవరి పాపం ఎవరి ఒంట్లో పోసి కడుగుతున్నారో అనుకున్నాడు. అయినా చివరి కుట్టు దాకా నిలబడ్డాడు.

పదో రోజుకి జ్వరం పోయింది. నెలకి కన్నం పూడింది. కాలు నిలిచింది, అంగుళం పొట్టిగా.

పానకాలరావు జరిగిందంతా తన దస్తూరీతోనే రాసి ఆసుపత్రి నోటీసు బోర్డుకి అంటించాడు. దాచిన ఎనిమిది రోజులూ, ఎడమచేతి పుల్లలూ, దావీదు పేరూ అన్నీ రాశాడు. మిగిలిన పదిమంది ఇళ్లకీ వెళ్లాడు. కొందరు తిట్టారు. బడిపంతులు తలుపు తియ్యలేదు. కాలు పోయిన క్వారీ మనిషి అంతా విని, "మీరు ఇంత దూరం రావడమే మా భాగ్యం" అన్నాడు. తిట్లు అరిగాయి గానీ ఆ మాట ఇప్పటికీ అరగలేదు. తర్వాత కత్తి పక్కన పెట్టి, ఓపీలో కూర్చుని రోగుల్ని చూసి పంపించే పని పెట్టుకున్నాడు, రెండు చేతులకీ గ్లౌజులతో, మళ్లీ పనిలోకి వచ్చిన దావీదుని పక్కన పెట్టుకుని.

ఇక పేరు పోతుందని అనుకున్నాడు. పోవాలనే కోరుకున్నాడు. జరిగింది వేరు. నోటీసు చదివినవాళ్లు పదిమంది, చదివినవాళ్ల దగ్గర విన్నవాళ్లు వెయ్యిమంది. ఆ నోటా ఈ నోటా పడి కథ ఒంగోలు దాటేసరికి ఇలా తయారైంది: పానకాలరావు డాక్టరు చేతిలోంచి తీసిన మందుతోనే కండక్టరమ్మ కాలు నిలిచిందట. హస్తవాసి ఊరికే అంటారా, ఆ చేతిలోనే మందు ఉందట!

మూడు నెలలు తిరిగేసరికి ఓపీ ముందు వరస రెండింతలైంది. కనిగిరి నుంచి, దర్శి నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో మోకాళ్లూ తొడలూ పట్టుకుని వచ్చేవాళ్లు. ఆయన కాదు కాదని చెప్పేకొద్దీ "ఎంత వినయం" అని ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకునేవాళ్లు. ఇంతకంటే పెద్ద శిక్ష ఆ ఆసుపత్రి కమిటీ ఏదీ ఊహించలేకపోయేది.

ఆ సోమవారం వరసలో మొదటి మనిషి ఒక ముసలాయన. వాచిన మోకాలు ముందుకి చాపి, పానకాలరావు కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆ తొడుగు తీసెయ్యి నాయనా. ఒక్కసారి ఒట్టి చెయ్యి వెయ్యి. నా మనవడు చెప్పి పంపించాడు."

"తాతా, అది కాదు, ఈ చెయ్యి..." అన్నాడు పానకాలరావు. వరసంతా భక్తిగా చూస్తోంది. చెప్పిన మాటే ఎన్నోసారి చెప్పాలో ఆయనకి తెలియలేదు. ముసలాయన వేళ్లు అప్పటికే గ్లౌజు అంచుని పైకి లాగుతున్నాయి. పానకాలరావు చెయ్యి వెనక్కి గుంజుకోలేక సిగ్గుతో బిగుసుకుపోయాడు.

"ఓ పెద్దాయనా!"

హాలు చివర్నుంచి వచ్చింది ఆ కేక. నిండు బస్సులో డ్రైవరుకి వినిపించడానికి పుట్టిన గొంతు. అందరూ తిరిగి చూశారు. ఒక చెప్పుకి ఎత్తు మడమ వేయించుకుని, చేతికర్ర ఊనుకుని, చివరి పరీక్షకి వచ్చిన వజ్రమ్మ వరసలోంచి బయటికొచ్చి నిలబడింది.

"ఆ చెయ్యి ముట్టుకోబాక! అది మందు కాదు, ఆ చేతి వల్లే నా కాలు నాలుగేళ్లు కుళ్లింది. కావాలంటే ఆయన్నే అడుగు. అవునా కాదా సార్?"

ముసలాయన చెయ్యి వదిలేశాడు. పానకాలరావు మొహంలోకి నెత్తురు జివ్వున పాకింది. అయినా నాలుగు నెలల్లో మొదటిసారి, తన గురించి ఎవరో సరైన మాట అన్నట్టు, ఆయన ఊపిరి తేలిగ్గా ఆడింది.

"అవునమ్మా" అన్నాడు అందరికీ వినపడేలా. గ్లౌజు అంచు కిందికి లాక్కున్నాడు. "దావీదూ, తాత మోకాలు నువ్వు చూడు."